ఊరికే ఆడది

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు. మనిషి లేకపోతే బండి ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో, మా ఊళ్లో చదువుకున్న పిల్లలందరూ ఏవో పరీక్షలకు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, నాకు మట్టి మోసే ఉద్యోగం దొరికింది. (నవ్వకండి. అప్పుడు నవ్విన వాళ్లతో నేను ఏడాది మాట్లాడలేదు.) పొలాల్లో మట్టి తవ్వి, సంచుల్లో కట్టి, పరీక్ష కోసం నల్లగొండ ఆఫీసులో అప్పగించాలి. సొంత బండి ఉంటేనే ఉద్యోగం అన్నారు. మా చిన్నాయన లడాఖ్ పోతానని కొన్న పెద్ద టూరింగ్ బండి ఒకటి (దాని మీద ఆయన పోయిన అతి పెద్ద దూరం భువనగిరి) వాళ్ల వసారాలో దుప్పటి కప్పుకొని పడి ఉండేది. ఎత్తైన సీటు, ముందు గాలిని ఆపే అద్దం, వెనక చెరో పక్కన ఒక ఇనుప పెట్టె. అందరూ దాని ఎత్తు చూసి వద్దన్నారు, నేను పెట్టెలు చూసి తెచ్చుకున్నాను.

మా బాపు మోత్కూర్లో మగ్గం నేసేవాడు. గొంతు పెంచి మాట్లాడడం ఆయనకు చేతకాదు, ఆ పని ఇంట్లో నేనే చూసుకునేదాన్ని. బండి ఇంటికి వచ్చిన రోజు మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "బిడ్డా, ఒక్కసారి పడ్డవా, తెల్లారి అమ్ముత. మళ్ల నన్ను బతిమాలొద్దు" అన్నాడు. బాపు ఒక మాట అన్నాడంటే అంతే. బండి పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే అమ్మ పక్కన కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టాలి. కండెలు చుట్టడం తప్పు పని అని కాదు, ఏడేళ్లప్పటి నుంచి చుట్టీ చుట్టీ నాకు వాటి మీద కూడా కోపం ఉండేది.

మూడో నెలలోనే పడ్డాను. (మీకు చెప్పడానికి నాకేం ఇబ్బంది లేదు, మీరు మా బాపు కారు.) హాలియా దాటి కాలువ పక్కన పోతుంటే, సగం రోడ్డు మీద ఎవరో వడ్లు ఆరబోసి, చుట్టూ తలకాయంత రాళ్లు పేర్చారు. ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది, నేను పక్కకు తిప్పాను, ముందు చక్రం నేరుగా ఒక రాయిని గుద్దింది, నేనూ బండీ రెండు పెట్టెల మట్టీ వడ్లలో పడ్డాం. కావలి ఉన్న ముసలామె పరుగెత్తుకొచ్చి, "కండ్లు యాడ వెట్టినవే పిల్లా, నా వడ్లన్ని మన్ను పాలు జేస్తివి!" అంది. "రోడ్డేమన్న నీ కల్లమా అవ్వా?" అని నేను పడుకునే అరిచాను. ఒకరి మీద ఒకరం అరుచుకుంటూనే ఇద్దరం కలిసి బండి లేపాం. నాకు దెబ్బలేం తగల్లేదు. ఇంటికి పోయే ముందు లెగ్‌గార్డు మీద పడ్డ గీతలకు నల్ల గోళ్ల రంగు పూసి, ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వారం తిరగకముందే హ్యాండిల్ ఊగడం మొదలైంది. డెబ్బై మీద పోయి ఎక్సిలేటర్ వదలగానే, అరవై దగ్గర హ్యాండిల్ ఇటూ అటూ టపటపా కొట్టుకునేది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఎక్కువయ్యేది. యాభైకి దిగితే ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, బజారులో ముప్పై మీద ఒక చుట్టు తిరిగొచ్చి, "మంచిగనే ఉంది కదమ్మా" అనేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకాయన నా చేతుల్లో బలం లేదన్నాడు. ఇంకొకాయన టైరు మార్పించాడు. మూడో ఆయన నాతో మాట్లాడనే లేదు, ఆ రోజు తోడొచ్చిన బాపు ముఖమే చూస్తూ, "ఎవరు నడుపుతరు? పిల్లనా? గందుకే" అన్నాడు. సైకిల్ తప్ప ఏదీ ఎరగని బాపు, "నాకేం తెల్వది సారూ, దాన్నే అడుగుండ్రి" అని పక్కకు జరిగాడు. ఆ మాటకు బాపు మీద ఎంత ప్రేమ వచ్చిందో, ఆ మెకానిక్ మీద అంత కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది, దాచుకోను. ఆడపిల్ల బండికి రోగం వస్తే బండిని వదిలేసి ఆడపిల్లకు వైద్యం చేయబోయే వాళ్లను నేను ఈ వయసులోనూ క్షమించలేదు. అయితే న్యాయంగా ఒకటి చెప్పాలి. వాళ్లందరూ "బండి యాడనన్న పడ్డదా?" అని అడిగారు. నేను అందరికీ కళ్లెర్రజేసి ఒకటే జవాబు చెప్పాను: "పడలే."

నాలుగో ఆయన నల్లగొండలో అందరూ మామూ అని పిలిచే పెద్దాయన. తెల్ల గడ్డం, గ్రీసు చేతులు, తక్కువ మాటలు. ఆయన బండిని బజారులో తిప్పలేదు. స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి, దాన్ని పట్టుకొని ముందుకూ వెనక్కూ గుంజాడు. "పడ్డదా బేటీ?" అన్నాడు. "పడలే" అన్నాను. మళ్లీ గుంజాడు. పక్కనే ఎవరో ఆటో ఇంజిన్ పెంచి చూస్తున్నారు, చెవులు పగిలే మోత. ఆ మోతలో మామూ తల ఊపుతూ ఏదో అన్నాడు. నాకు వినపడింది ఇంతే: "...ఆడది బేటీ... యాడనో పడ్డది."

ఇక చూడండి. "ఎవర్ని ఆడది అంటున్నవ్? ఆడది నడిపితె పడ్డదే అంటవా? మొగోళ్లు పడరా? పని రాకుంటె రాదని చెప్పు!" అని నేను అరిచిన అరుపుకు ఆటోవాడు ఇంజిన్ ఆపేశాడు. మామూ చేతిలో పానా అట్లాగే ఉంది. "నేనేమన్ననని బేటీ..." అని ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు, బండి తీసుకుని వచ్చేశాను. ఇంటికి రాగానే బాపుకు చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం కలిపాను కూడా. ("ఆడోళ్లకు బండ్లెందుకు" అన్నాడని నేనే చేర్చాను. దీనికి మాత్రం నిజంగా సిగ్గుపడుతున్నాను.) మర్నాడు బాపు మగ్గం ఆపి, బస్సెక్కి నల్లగొండ పోయాడు. అంతసేపు బస్సులో కూర్చున్నా ఆ మనిషి కోపం చల్లారలేదు. సాయంత్రం తిరిగొచ్చి, "నా బిడ్డను మర్యాదగ పిలువుమని చెప్పిన. చాయ్ తెప్పిచ్చిండు. తాగలే" అన్నాడు. బాపు దృష్టిలో అంతకు మించిన తిట్టు లేదు.

తర్వాత ఆఫీసువాళ్లు నన్ను పాలమూరు వైపు వేశారు. కొల్లాపూర్ చుట్టుపక్కల వారం రోజులు తిరిగి మట్టి తేవాలి. నాలుగో రోజు పెట్టెల నిండా మట్టితో వస్తుంటే ఒక దిగుడు మీద బండి డెబ్బై దాటింది. దూరంగా మేకలు రోడ్డెక్కాయని ఎక్సిలేటర్ వదిలాను. హ్యాండిల్ నా చేతుల్లోంచి గుంజుకుంది. ఈసారి ఊగడం కాదు, ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టుకుంది. చచ్చిపోతాననుకున్నాను. బ్రేకు పట్టుకుందామంటే వేళ్లు దాని మీద నిలిస్తే కదా. ఎట్లా నెమ్మదించిందో తెలియదు, బండి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. దిగి, ఇనుప పెట్టెను కాలితో తన్ని (కాలు రెండు రోజులు వాచింది), అక్కడే కూర్చుని ఏడ్చాను. మేకలు కాసేవాణ్ణి తిట్టాను, ఆఫీసును తిట్టాను, లడాఖ్ పోని చిన్నాయనను తిట్టాను. తిట్టాల్సిన వాళ్లందరూ అయిపోయాక నేను మిగిలాను.

ముప్పై దాటకుండా నడుపుకుంటూ కొల్లాపూర్ చేరాను. అక్కడి మెకానిక్ నా ఈడువాడే. చక్రం గాల్లోకి లేపి, అచ్చం మామూ గుంజినట్టే గుంజాడు. "పడ్డదా అక్కా?" అన్నాడు. చుట్టూ చూశాను. ఆ ఊళ్లో నన్ను ఎరిగినవాళ్లు లేరు, మా బాపుకు చెప్పేవాళ్లు అసలే లేరు. "పడ్డది" అన్నాను. మూడు నెలల తర్వాత ఆ మాట నోట్లోంచి బయటికొచ్చింది. "హాలియా కాడ. రాయికి గుద్దిన." "గట్ల చెప్పు మరి" అని, నన్నే హ్యాండిల్ పట్టుకొని మెల్లగా తిప్పమన్నాడు. సూటిగా ఉన్న చోటికి వచ్చేసరికి అది చిన్న గుంతలో దిగినట్టు పట్టేసింది. విప్పి చూపించాడు. హ్యాండిల్ మెడలో కోన్‌సెట్టు అని పైనా కిందా ఉక్కు గిన్నెలు, వాటిలో గోలీలు ఉంటాయి, వాటి మీదే హ్యాండిల్ తిరుగుతుంది. రాయి దెబ్బకు గోలీలు గిన్నెలో గుంతలు చేశాయి, ఆపైన బిగింపు వదులైంది. నేను పడలేదని చెప్పినకొద్దీ అది ఇంకా అరిగింది. ఆ గుంతల్లో వేలు పెట్టి చూశాను, ఒక్కొక్కటే తగిలింది.

మర్నాడు బస్సులో కొత్త కోన్‌సెట్టు తెప్పించి బిగించాడు. రెండు పెట్టెల్లో బరువు సమానంగా సర్దుకోమన్నాడు. చేతులు తుడుచుకుంటూ, "ఐపాయె. ఇగ ఆడది అక్కా" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "ఎవర్ని ఆడది అంటున్నవ్?"

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "అయ్యో, నిన్ను గాదక్కా! హ్యాండిల్ను. ఇన్నొద్దులు ఆడింది గద, ఇగ ఆడది అంటున్న."

మా ఇంట్లో హ్యాండిల్ ఊగుతుంది అంటాం. మెకానిక్కులు ఆడుతుంది అంటారు. ఆడదు అనే మాట మా వైపు నోళ్లలో "ఆడది" అవుతుంది, తెలియదు అనేది తెల్వది అయినట్టు. పుట్టినప్పటి నుంచి ఆ యాసే మాట్లాడుతూ, ఈ చిన్న ముక్క తెలుసుకోవడానికి నేను కొల్లాపూర్ దాకా రావాల్సి వచ్చింది. ఆటో మోతలో మామూ అన్న మాట అప్పుడు నా చెవికి పూర్తిగా వినపడింది: "హ్యాండిల్ ఊరికె ఆడది బేటీ. యాడనో పడ్డది." నన్ను ఆయన ఏమీ అనలేదు. ఊరికే ఊగదు, ఎక్కడో పడి ఉంటుంది అని రోగానికి కారణం చెప్పాడు, అంతే. తప్పు దాచుకున్నది నేను కాబట్టి నా చెవికి తిట్టే వినపడింది.

తిరుగు దారిలో డెబ్బై మీద ఎక్సిలేటర్ వదిలి చూశాను. హ్యాండిల్ కదల్లేదు. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, చాయ్ తాగకుండా లేచొచ్చిన బాపే గుర్తొచ్చాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. బండి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది. మోత్కూర్ దాకా అదే అనుకుంటూ వచ్చాను. ఇంట్లో బాపు నేస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను: రాయి, వడ్లు, గోళ్ల రంగు, కలిపి చెప్పిన మాట. బాపు చేతిలో మగ్గం నాడె ఆగిపోయింది. "పడ్డందుకు గాదు బిడ్డా" అన్నాడు చివరికి. "నేను బజార్ల నిలవడి ఒక పెద్దమనిషిని అనరాని మాటలన్న. నీ మాట నమ్మి అన్న." ఆయన అరిచినా నాకు అంత బాధ ఉండేది కాదు. "పొద్దుగాల పోదాం. ఆయనకు మొక్కి, బండి గూడ ఆడనే అమ్ముదాం" అని మళ్లీ నాడె అందుకున్నాడు.

పొద్దున బాపు నా వెనకే కూర్చుని వచ్చాడు. మామూ దుకాణం ముందు దిగి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది భాయ్. పిల్ల అబద్ధమాడింది. గీ బండి అమ్మాలె, కొనేటోళ్లుంటె చూడు." మామూ నా వంక చూశాడు. బండికి స్టాండు వేశాడు, చక్రం గుంజాడు, హ్యాండిల్ తిప్పాడు, తల ఊపాడు. తర్వాత చాలా దిగులుగా ముఖం పెట్టి, "పడ్డ బండిని ఎవరు గొంటరు భాయ్? నీ బిడ్డకే ఉండనీ" అన్నాడు. నల్లగొండలో ఒక్కసారీ పడని బండి ఒక్కటైనా ఉందా? ఆ సంగతి నాకు తెలుసు, మామూకు తెలుసు. బాపుకు తెలియదు. ఆయన కాసేపు ఆలోచించి, "గంతే అంటవా?" అని, రెండు చాయ్‌లు తాగాడు.

ఇక నా వంతు. దారి పొడుగునా హెల్మెట్ లోపల క్షమాపణ కూడబలుక్కుంటూనే వచ్చాను. తీరా నోరు తెరిస్తే, "జర ఇంకోసారి గట్టిగ అడగొద్దా మామూ?" అనే అరుపు వచ్చింది. బాపు తల పట్టుకున్నాడు. మామూ మాత్రం నెమ్మదిగా, "అడిగితె కొడుతవనుకున్న బేటీ" అన్నాడు.

ఇప్పుడు ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. మంచి మాట గొంతు దాకా వచ్చి తిట్టై బయటపడితే, పాపం, ఏం చేస్తుంది? బండ్లు మారాయి, మామూ మారలేదు. నేను ఇప్పటికీ ఆయన దగ్గరికే పోతాను. హారన్ మోగకపోయినా సరే, లైటు వెలగకపోయినా సరే, ఆయన అడగకముందే "పడ్డది మామూ" అంటాను. "లైటు గద బేటీ పోయింది" అంటాడాయన. "అయినా పడ్డది" అంటాను. క్షమించమని అడగడం నాకు అంతవరకే వచ్చు.