మా ఈశ్వరమ్మత్త, జపాన్ బొమ్మల కథలు

ఒడిశా తీరాన ఉన్న మా చమఖండిలో ఈశ్వరమ్మత్త నోటికి జడవని మనిషి లేడు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపురం వీధుల్లోకి వెళ్లిందంటే, బేరమాడేవాళ్లే ముందు తగ్గేవాళ్లు. సినిమా చూసొస్తే హీరో తల్లి కట్టిన చీర దగ్గర్నుంచి విలన్ చచ్చిన పద్ధతి దాకా తప్పులు పట్టేది. పెళ్లికి వెళ్తే పప్పులో ఉప్పెక్కువైన సంగతి వంటవాడి ముఖం మీదే చెప్పేది. ఆవిడ మా నాన్నకు చెల్లెలు. వయసు నలభై కూడా నిండలేదు. నాకు మొదటి జడ వేసిందీ ఆవిడే, నా చెవి మెలిపెట్టిందీ ఆవిడే. అలాంటి మనిషి నా దగ్గర అలా మాట్లాడ్డం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పాలంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. అయినా చెప్తాను. కడుపులో పెట్టుకుని తిరగడం ఇంక నా వల్ల కాదు.

అది రెండువేల ఇరవై రెండు వేసవి. అప్పుడు నేను బరంపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. అక్కడే గోసాని నువాగాంలో జయలక్ష్మి అనే స్నేహితురాలితో కలిసి గదిలో ఉండేదాన్ని. మా బ్యాచ్ అందరికీ యానిమే పిచ్చి, అదే జపాన్ బొమ్మల కథల పిచ్చి. నాకైతే మరీను. చూసిన ప్రతి సిరీస్ మీదా నా అభిప్రాయం నా గొంతుతోనే రికార్డు చేసి నెట్‌లో ఒక పేజీలో పెట్టేదాన్ని. అయిదు చుక్కలకి ఎన్ని చుక్కలో కూడా ఇచ్చేదాన్ని. వినేవాళ్లు ఎనభైమంది, అందులో సగం మా కాలేజీవాళ్లే. నా పొగరు మాత్రం చూడాలి. జపాన్‌వాళ్లు నన్నడిగి కథలు రాసుకోవాలన్నట్టు మాట్లాడేదాన్ని.

సెలవులకి ఊరొచ్చాను. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట నిషేధం కదా, బోట్లన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి. నాన్నకు పని లేదు, ఆయన ఫోనుకూ పని లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఫోను పట్టుకుని పక్కనే ఉన్న అత్తవాళ్ల అరుగు మీద కూర్చునేదాన్ని. అక్కడ గాలి బాగా వస్తుంది. లోపల అత్తకి అత్తగారు కాసమ్మమ్మ నిద్రపోతూ ఉండేది. అత్త ఎదురుగా కూర్చుని ఎండుచేపల్లో ఇసుక దులుపుతూ ఉండేది.

మొదటి రోజే పలకరించింది.

"ఏటే అది? అంత వొయిసొచ్చి బొమ్మలు సూత్తన్నావేటి?"

"సిన్నపిల్లల బొమ్మలు కావత్తా. పెద్దోలు సూసేవి."

"పెద్దోలికి ఆ నీలం జుట్టేటే? ఆ పిల్ల తల్లికి సెప్పేవోలు నేరేటి?"

అలా మొదలైంది. కింద ఇంగ్లీషులో పడే మాటలు నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడ చేపలు దులుపుతూనే చూసేది, చూస్తూనే తగువు పెట్టుకునేది. కత్తి పట్టుకుని రాక్షసుల్ని నరికే కుర్రాడి సిరీస్ ఒకటి ఉంది. దానికి నేను అయిదు చుక్కలిచ్చాను. అత్త ఏమందంటే, "కొట్టబోయే ముందు ఏ దెబ్బ కొడతాడో ఆ పేరెట్టి అరుత్తాడేటి ఈడు? సేప కాడికెల్లి 'ఇదిగో వల ఏత్తన్నాను' అని అరుత్తామేటి? ఒక్కటుంటాదా?" వాలీబాల్ ఆడే పిల్లల కథకి ఇంకా ఘోరం. "బంతి పైకెల్లి మూడు రోజులయింది, కిందికి రాదు. ఈలోపల ఆడి సిన్నప్పటి కతంతా అయిపోయింది. ఓలమ్మ, నాకు మెడ నొప్పెట్టేసిందే!" వంటల పోటీ కథలో హీరో చేప తల తీసి పారేస్తే ఇంక చూడనని లేచి వెళ్లిపోయింది. "తలకాయ పారేసినోడు ఏటి వంటోడే? ఆడికి మొదటి బౌమానమా? తియ్యీ."

నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. అక్కడితో ఆగితే నేను మనిషినే. ఆగలేదు. నా ఫోను పక్కన పెట్టి ఆవిడకి చెప్పకుండా రికార్డు చేశాను. ఆ మాటలు పేజీలో పెడితే రెండు రోజుల్లో ఎనభైమంది ఆరొందలయ్యారు. తెలుగొచ్చిన ఒడియా పిల్లలు కూడా వినేవాళ్లు. వాళ్లే ఆవిడకి మాఛొ మావుసీ అని పేరు పెట్టారు, అంటే చేపల పిన్ని. 'మావుసీ ఈ రోజు ఏమంది' అని పొద్దున్నుంచీ అడిగేవాళ్లు. నా అభిప్రాయం ఎవరూ అడగడం లేదని నాకు లోపల మంటగా ఉండేది, పైకి మాత్రం సంబరమే.

జయలక్ష్మి ఫోన్ చేసింది. "ఆవిడెవరే బాబూ? నవ్వలేక చచ్చాం" అంది. "మా వీధిలో చేపలమ్ముకునే ముసలావిడ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మా నాన్న చెల్లెలు అని చెప్తే నేనూ ఆ గంప పక్కన పుట్టినదాన్నేనని తెలిసిపోతుందట. నా బతుక్కి అదొక పరువు.

మే నెలలో ఒక దీవి కథ మొదలుపెట్టాం. ఆ దీవిలో ఒక తల్లీ కూతురూ ఉంటారు. తండ్రి సముద్రం మీదికి వెళ్లాడు, రాలేదు. కొట్లాటల్లేవు, కేకల్లేవు. తల్లి వండుతుంది, కూతురు బడికెళ్తుంది, వాన పడుతుంది. మూడు భాగాలు చూసి నేను రెండు చుక్కలిచ్చేశాను. నత్తనడక అన్నాను. అత్త మాత్రం ఆ కథ చూస్తున్నప్పుడు చేపలు దులపడం ఆపేసేది. నాలుగో భాగంలో ఆ తల్లి అన్నం వండి, ముందుగా ఒక గిన్నెలో తీసి, ఎవరూ లేని చోట పెట్టి మూత వేస్తుంది. ఆ గిన్నెనే చాలాసేపు చూపించారు. నేను విసుక్కుని ముందుకు జరపబోయాను.

"ఆపే! సెయ్యి తియ్యి. ఆ గిన్నెవలికి?"

"ఎవలికీ నేదత్తా. అక్కడ ఎవలూ నేరు గదా. ఊరికే సాగదీత్తన్నారు."

"నీ సదువు తగలెయ్య. మొగుడికే అది. వొండిన కూట్లో ముందాడి వాటా తీసేత్తే, ఏ నీటి మీదున్నా ఆడికి ఆకలెయ్యదు. దేసమేదైతే ఏటి, దానికి తెలుసు."

"నీకెలగ తెలుసత్తా?"

"నానూ తీత్తన్నాను గదా" అంది. కూరలో చింతపండు వేశాను అన్నంత మామూలుగా అంది.

మా మావయ్య అసిరయ్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడితే ఇద్దరు ఈదుకుని వచ్చారు, ఆయన రాలేదు. మనిషి దొరకలేదు. గడ్డిబొమ్మ చేసి కర్మ జరిపించారు. ఆ రోజు ఏటి గట్టు మీద మేమందరం ఉన్నాం. అంతటితో అయిపోయిందనే నేననుకున్నాను, ఊరూ అనుకుంది.

"అందరూ పోనాడన్నారు. నానూ తానం సేసినాను, గాజులు తీసినాను" అంటోంది అత్త. "సెయ్యి మాత్రం మానదే. అన్నం వారిసినాక ముందాడికి తీసి అలమారలో ఎడతాను. ముసిల్ది నా రేతిరి కూడనుకుంటాది. పొద్దు గుంకినాక నానే తినెత్తాను. ఏటి సెయ్యమంతావు? ఎవలికీ సెప్పకే. ఆ ముసిల్దానికి తెలిత్తే తట్టుకోనేదు."

నా ఒళ్లో నా ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

ఆ రోజంతా ఆలోచించానని చెప్తే కాస్త బాగుండేది. ఆలోచించలేదు. సాయంత్రానికే పెట్టేశాను. చమఖండిలో జపాన్ బొమ్మలు చూసేవాడెవడున్నాడు, వినేదంతా బరంపురం పిల్లలే కదా అని ధీమా. పెట్టేముందు వేలితో ఒక ముక్క కత్తిరించాను. 'ఎవలికీ సెప్పకే' అన్న దగ్గర్నుంచి చివరిదాకా తీసేశాను. అది ఉంటే వినేవాళ్లు నన్ను తిడతారని తెలుసు. అంటే చేస్తున్నది తప్పని నాకు తెలుసు. తెలియక చేశానని ఇప్పటికీ ఎవరి దగ్గరా అనలేను. తర్వాత ఆ కథకి రెండు చుక్కలు తీసేసి అయిదిచ్చి, గిన్నె గురించి అత్త చెప్పిందాన్నే పెద్ద పెద్ద మాటల్లోకి మార్చి నా పేరుతో రాసుకున్నాను. 'ఎంత లోతుగా చూశావ్' అని మెచ్చుకున్నారు. మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

వేలమంది విన్నారు. నేను లెక్కలోకి తీసుకోనిది మా ఊరి కుర్రాళ్లని. సగంమంది గుజరాత్‌లోని వెరావల్‌లో, మంగళూరులో ఇంకొకరి బోట్ల మీద పని చేస్తుంటారు. వాళ్లకి యానిమే అంటే ఏమిటో తెలీదు. కానీ నెలల తరబడి మన మాట వినక మొహం వాచిపోయి ఉంటారు. మన యాసలో ఒక ఆడమనిషి గొంతు వినిపించేసరికి ఒకరి నుంచి ఒకరికి పంపుకున్నారు. అలా తిరిగి తిరిగి వెరావల్‌లో ఉన్న మావయ్య తమ్ముడి చెవిలో పడింది. వదిన గొంతు అతనికి తెలీదా? వాళ్లమ్మ కాసమ్మమ్మకి ఫోన్ చేశాడు.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద ఉండగానే కాసమ్మమ్మ లోపల్నుంచి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"ఇదెవలిదే?"

అత్త చేపలు వదిలి లేచి నిలబడింది.

"నా కొడుక్కేటే? ఫోన్లో ఊరూరా సెప్పుకున్నావంట గదా, నాకు సెప్పడానికి నోరు రానేదేటే? సచ్చినోడికి కూడు సూపిత్తే ఆడెలగెల్తాడే? నాలుగేళ్లు నా కొడుకుని గుమ్మంకాడే నిలబెట్టీసినావేటే, పాపిష్టిదానా!"

వీధిలో ఆడవాళ్లు నలుగురూ పోగయ్యారు. అత్త నోటికి అంత పేరు కదా, ఒక్క మాట అనలేదు. 'ఫోన్లో' అన్న మాట దగ్గర ఒకసారి నా వైపు తిరిగింది. నా ముఖం కూడా చూడలేదు, నా చేతిలోకి చూసింది. అప్పుడు నేను అనాల్సింది. 'ఆవిడ చెప్పుకోలేదు, నేను దొంగతనంగా పెట్టాను' అని ఒక్క మాట.  నలుగురున్నారు. ఫోను చున్నీ కింద దాచుకున్నాను.

"ఇంక కూడెట్టనని సెప్పు" అంది కాసమ్మమ్మ.

"ఎట్టనత్తా."

"నా మీద ఒట్టెయ్యి."

అత్త వేసింది. ముసలామె అక్కడే కూలబడి కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. ఆవిణ్ణి తిట్టడానికి నాకు మనసు రాదు. ఆవిడ కొడుకు ఆవిడకి దొరకలేదు, కనీసం వెళ్లాల్సిన చోటికైనా వెళ్లాడనుకుని బతుకుతోంది. అత్త పక్కన కూర్చుని తన కొంగుతోనే ఆవిడ ముఖం తుడిచింది.

పేజీ మొత్తం తీసేశాను. దానివల్ల ఏమీ వెనక్కి రాదు. మర్నాడు అత్త ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అత్తా, నన్ను కొట్టు."

"కొట్టి ఏటి సేత్తాను?" అంది. గంపలో చేపలు ఏరసాగింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎవలికీ సెప్పొద్దని నాను నీకు సెప్పినాను గదా. ఆ మాట కూడా ఇన్నారేటి ఆలందరూ?"

నేను కింద రాలిన ఇసుక పోగుచేస్తూ కూర్చున్నాను. ఆవిడ అర్థం చేసుకుంది. తల ఊపి గంప నా నుంచి కాస్త అవతలికి జరుపుకుంది.

జయలక్ష్మికి నిజం చెప్పాను, ఆవిడ మా మేనత్త అని. మొన్న మొన్ననే కాసమ్మమ్మకి కూడా చెప్పాను, పెట్టింది నేనేనని. ఆవిడ విని, "అయిపోనాదిలే" అంది. అత్త ఒట్టు మాత్రం ఒట్టే. ఇప్పుడా ఇంట్లో అన్నం వార్చేది ఇద్దరికే.

సెలవులకి ఇప్పటికీ వెళ్తాను. అత్త నాకిష్టమైన కూర వండుతుంది, తల దువ్వుతుంది. అరుగు మీద కూర్చుని ఏదో ఒక కథ పెడితే కాదనకుండా చూస్తుంది. అయ్యాక, "ఎలగుందత్తా?" అని అడుగుతాను. ముందు నా ఫోను ఎక్కడుందో చూసుకుంటుంది. నేను కావాలనే దాన్ని ఇంట్లో వదిలేసి నాన్న ఫోను ఒక్కటే తీసుకెళ్తున్నాను. అయినా చూసుకుంటుంది.

"బాగుందమ్మా" అంటుంది.

ఏది చూపించినా అదే మాట. నన్ను ఏనాడూ అమ్మా అని పిలిచిన మనిషి కాదు. ఒసే, ఏటే, అంతే. పోయిన వారం చెత్త సిరీస్ ఒకటి ఏరి మరీ పెట్టాను, ఒక్క తిట్టయినా తిడుతుందేమోనని. బాగుందమ్మా అని లేచి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వెనక పెరట్లోంచి పక్కింటావిడతో అత్త గొంతు వినిపించింది. "అదేటి కతే, తలా తోకా నేదు..." అని మొదలుపెట్టి గలగలా కడిగేస్తోంది. పక్కింటావిడ పడీ పడీ నవ్వుతోంది. నాకూ నవ్వొచ్చి, ఆశ పుట్టి, పరిగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్లాను.

నన్ను చూసి అత్త ఆపేసింది.