మావాణ్ణి నిద్రపోనిచ్చిన గుంటూరు ప్రయాణం

మా సామ్యేలు కళ్ళు తెరిచాడండీ! ఈ పొద్దున గొంతులో గొట్టం తీసేశాక నన్ను గుర్తుపట్టి "నాన్నా, దాహం" అన్నాడు. ఆ మాటకి నా ఒళ్ళంతా పండగే! సత్తెనపల్లి వైపు నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి మనిషిని తెచ్చుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

పత్తికి పురుగుమందు కొడుతుంటే గాలి తిరిగి, మందంతా మావాడి ముఖాన పడింది. నోట్లో నురగ, ఒకటే రొప్పు. సత్తెనపల్లి డాక్టరు గారు ఇంజెక్షను చేసి, వెంటనే గుంటూరు పొమ్మన్నారు. బస్సు కోసం ఆగకుండా పత్తి బోరాల లారీ ఎక్కాం. మేడికొండూరు, పేరేచర్ల మీదుగా గంట పైనే పట్టింది. డ్రైవరు డబ్బు ముట్టలేదు గానీ దారంతా అరుస్తూనే ఉన్నాడు. "పెద్దాయనా, వాణ్ణి పడుకోనీయమాకు! కునుకు పడితే ఇంతే సంగతులు. చెంప మీద కొట్టు!" మా ఊళ్ళోనూ అంతే, విషం తగిలినవాణ్ణి నిద్రపోనివ్వరు. నేను చెంపలు వాయించాను, మా ఆవిడ మరియమ్మ పిక్కలు గిల్లింది.

ఆసుపత్రిలో చూస్తే వ్యవహారం తలకిందులు! గొంతులో గొట్టం వేసి, యంత్రంతో ఊపిరాడిస్తూ, నిద్ర మందు ఎక్కించారు. వాడి కళ్ళు మూతపడగానే మరియమ్మ "లేవరా సామీ!" అని పాదం గిల్లింది. వాడు ఉలిక్కిపడి గొట్టంతో పెనుగులాడాడు. యంత్రం కూత పెట్టింది.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమ్మా, కొడుకు కావాలా వద్దా?"

"వద్దనుకుంటే ఇంత దూరం కొట్టుకుంటూ తెస్తామా తల్లీ!" అంది మరియమ్మ.

ఆవిడ నవ్వాపుకుని నా వైపు తిరిగింది. "చూడండి పెద్దాయనా, ఊపిరితిత్తులు వాచాయి. మెలకువొస్తే గొట్టంతో కొట్లాడతాడు, వాచినచోటే మళ్ళీ దెబ్బ. నిద్రలో ఉంటే వాటికి విశ్రాంతి."

"నిద్ర మందుకే వాపు తగ్గుద్దా అమ్మా?"

"కొన్నిటికి ఆ గుణం ఉందేమోనని వెతుకుతున్నారు, ఇంకా తేలలేదు. యంత్రం లేనిచోట ఇదే మందు ఊపిరి ఆపేస్తుంది కూడా. ఇక్కడ మేం చూసుకుంటాం. మీరు మాత్రం లేపకండి."

మరియమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. మా చర్చి సంఘం వాళ్ళు వస్తే వరండాలో గొంతు తగ్గించి ప్రార్థన చేయించాం. "దేవుడికి వినపడుద్దా?" అంది మరియమ్మ. "మనవాడికి వినపడకపోతే చాల్లే" అన్నాను.

పసివాడప్పుడు పత్తి చేలో చీర ఉయ్యాల కట్టి, వీడు పడుకుంటే చాలు దేవుడా అనుకునేవాళ్ళం. అదే బిడ్డ నిద్రపోతుంటే కదపకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఇప్పుడు తెలిసింది. మనం ఏదో ఒకటి చేస్తుంటేనే మనిషి బతుకుతాడని అనిపిస్తుంది. చేతులు కట్టుకోవడమూ ఒక పనేనండీ.

ఒక్క సంగతి: బయల్దేరేటప్పుడు ఆ పురుగుమందు సీసా వెంట తెచ్చుకోండి. డాక్టర్లు మొదట అడిగేది అదే.

ఇక ఈ కబురు అందాల్సినవాళ్ళు: చిలకలూరిపేట మిల్లులో మా బావమరిది, నరసరావుపేటలో పెద్దమ్మాయి, అల్లుడు గారు, ఒంగోలులో మా అన్నయ్య, కొత్తపట్నంలో మా చెల్లెలు. ఆ పిల్ల మేనల్లుడి కోసం అన్నం మానేసిందట. ముందు దానికి చెప్పండి, తినమనండి!