డిశ్చార్జి కాగితాల వైద్యుడు

మా బావ పెద్దాసుపత్రిలో డిశ్చార్జి కాగితాలు టైపు చేస్తాడు. పెళ్లికి ముందు నుంచీ అదే కుర్చీ, అదే కిర్రుమనే ఫ్యాను. ఒక్క రోగి ముఖమైనా చూసిన పాపాన పోలేదు. కానీ వీధిలో ఎవరైనా తుమ్మితే చాలు, ఆపి మరీ ఆ తుమ్ము పుట్టుపూర్వోత్తరాలు చెబుతాడు.

"అక్యూట్ అంటే హఠాత్తుగా వచ్చి పడేది. క్రానిక్ అంటే వచ్చి కాపురం పెట్టేది. కాంప్లికేషన్ అంటే ఒక జబ్బు కన్న ఇంకో జబ్బు," అంటాడు, ఆ మాటలన్నీ తానే కని పెంచినట్టు. మాటలు తప్పు కావు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి వెళ్లేవాళ్ల కాగితాలు బావ బల్ల మీదికి వస్తాయి. చనిపోయినవాళ్లవి మేడ మీద ఇంకొకాయన దగ్గరికి వెళతాయి. కాబట్టి మా బావ ఎరిగిన జబ్బులన్నీ ఒకటే దారి నడుస్తాయి. మొదలవుతాయి, ముదురుతాయి, తగ్గుతాయి. "ఆరోగ్యం మెరుగుపడినందున ఇంటికి పంపడమైనది" అని టైపు కొట్టీ కొట్టీ, జబ్బుకు ఇంకో ముగింపే లేదని ఈ మహానుభావుడు నమ్మేశాడు.

మా అక్కకు చక్కెర వ్యాధి. కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలి కింద పుండు పడింది. డాక్టరుకు చూపిద్దామన్నాను. బావ కళ్లజోడు సర్దుకున్నాడు.

"నొప్పుందా?" అని అక్కను అడిగాడు.

"లేదండీ. అసలేమీ తెలియట్లేదు."

"విన్నావుగా బావమరిదీ! లక్షణం లేదంటే జబ్బు తగ్గుముఖం పట్టినట్టే. నీకెందుకయ్యా కంగారు?"

చక్కెర నరాలను తినేస్తే నొప్పి తెలియదని ఆయన కొట్టిన కాగితాల్లోనే ఎన్నిసార్లు ఉందో! చదివితే కదా. అక్కేమో ఆయన గీసిన గీత దాటదు. ఆ మెతకతనమన్నా నాకు కోపమే.

పుండు నల్లబడింది. వాసన మొదలైంది.

"ఇది తీవ్ర దశ. దీని తరవాత దిగడమే," అన్నాడు బావ, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

అక్క చలిజ్వరంతో వణుకుతుంటే ఇక ఆయన్ను అడగలేదు. కారు పిలిచి నేనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాను. సర్జను కట్టు విప్పి చూసి, "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారయ్యా?" అన్నాడు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే అంతకుముందు నాకు ఉత్త సామెతే.

ఇంటికి పంపే రోజున బావ తాను టైపు చేసిన కాగితం పట్టుకుని వార్డులోకి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, చుట్టుపక్కల వాళ్లకూ వినపడేలా చదివాడు.

"ఆరోగ్యం మెరుగుపడినందున ఇంటికి పంపడమైనది. చూశావా, నేను మొదటే చెప్పలా?"

నా చెయ్యి లేవబోయింది. అక్క మాత్రం దుప్పటి చదునుగా పడున్న చోట ఒకసారి నిమిరి, ఆయన వంక చూసింది.

"బాగుందండీ," అంది. "మరి నా కాలి కాగితం మేడ మీదాయన దగ్గరికి వెళ్లిందా?"