బోరిగుమ్మలో అన్న మాట, తెరుబలిలో ఊడిన తీగ

కాలు మీద కాలేసుకుని, రవ్వలడ్డు తింటూ, కొండలకవతల ఉన్న కార్ఖానాని ఒక్క మాటతో ఆపెయ్యడం మానవమాత్రుడి వల్ల అవుతుందా అని మీకు సందేహం రావచ్చు. అవుతుంది. నేను ఆపాను. లడ్డు సగమే అయింది అప్పటికి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. మొబైల్ ఫోన్లు ఇంకా మా కొండలెక్కలేదు. మాది ఒడిశాలో రాయగడ, నాన్నకి ఇనపసామాన్ల కొట్టు. నాకు తెరుబలి దగ్గర ఒక చిన్న కార్ఖానాలో కంప్యూటర్ల ఉద్యోగం. ఆ రోజు బోరిగుమ్మలో నాకు పెళ్ళిచూపులు. పిల్ల పేరు సుశీల. తండ్రి సత్యంగారు, ధాన్యం వ్యాపారి, ఒక లారీకి ఓనరు. ఆ లారీ ఆ పూట మా కార్ఖానాలోనే సరుకెక్కించుకుని ఉందని తెలిసేసరికి నాకు కొమ్ములు మొలిచాయి.

"మా కంప్యూటరు కాటా చీటీ ఇస్తేనే ఏ లారీ అయినా గేటు దాటుతుందండీ. ఆ కంప్యూటరు నా చెప్పుచేతల్లో ఉంటుంది" అన్నాను. ఇంట్లో నేనూ ‘ఏటి, సెప్పు’ అనేవాణ్ణే. ఆ పూట మాత్రం పుస్తకంలోని తెలుగు ఇస్త్రీ చేసి తొడుక్కుని వెళ్ళాను.

ఇక్కడ మా కంప్యూటర్ల సంసారం కొంచెం చెప్పాలి. సర్వర్లు రెండు, అవి లెక్కలు దాచుకునే డిస్కుల పెట్టె ఒక్కటే. ఇద్దరు కోడళ్ళు, ఒకటే కొట్టుగది అనుకోండి. మేమూ వాటిని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవాళ్ళం. తాళంచెవి పెద్దకోడలి దగ్గర ఉంటుంది. ఇద్దరి మధ్యా ఒక సన్నటి తీగ, అందులోంచి ఒకరి ఊపిరి ఒకరికి వినిపిస్తుంది. పెద్దావిడ ఊపిరి వినపడలేదా, చిన్నావిడ తాళంచెవి అందుకుంటుంది. అంతేగాని ఇద్దరూ ఒకేసారి గదిలో జొరబడ్డారో, ఒకరు సర్దింది ఇంకొకరు చెదరగొట్టి కందులూ మినుములూ ఏకమవుతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమిడినా ఇమడొచ్చు గాని, ఆ డిస్కులో రెండు సర్వర్లు ఇమడవు.

మొదటి లడ్డు కొరుకుతుండగా సత్యంగారింటి ఫోను మోగింది. నంబరు నేనే ఇచ్చి వచ్చాను. కార్ఖానా నుంచి నా సహాయకుడు దైతారి. అతను ఒడియావాడు, సంతలో నేర్చిన తెలుగు కూడా వచ్చు. నన్ను మాత్రం ‘ఆగ్యా’ అనే పిలుస్తాడు, అయ్యగారూ అని. అతని గొంతుకి అసలు ఫోనక్కర్లేదు. గాలివాటం బాగుంటే లక్ష్మీపూర్ మీదుగా నేరుగానే వినిపిస్తుంది.

"ఆగ్యా, డిస్కు వస్తోంది, పోతోంది."

"మధ్య తీగ వదులైనట్టుంది, చూడు" అన్నాను, వీధి చివరిదాకా వినిపించేలా.

అంతలో సత్యంగారు ముందుకి వంగి, "ఏటి బాబూ, ఫోన్లో మీ పెద్దాపీసరా?" అన్నారు.

నా కింద ఒక మనిషి పనిచేస్తున్నాడని చెప్పుకునే భాగ్యం మళ్ళీ దొరుకుతుందా? తలా, చెవీ ఆయనవైపు తిప్పాను. నోరు మాత్రం ఫోను దగ్గరే ఉండిపోయింది. "కాదు, కాదు. నా కింద పనిచేసేవాడు" అన్నాను. అవతల దైతారి ఏదో అడిగినట్టున్నాడు. "హఁ ఆగ్యా" అని పెట్టేశాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నేను మామ ముందు చూపించిన డాబు డిస్కు మీద పడింది.

లడ్డు సగంలో ఉండగా మళ్ళీ మోగింది.

"ఆగ్యా, ఇద్దరు కోడళ్ళూ గది నాదంటే నాదంటున్నారు. ఒక లారీ పేరున ఇంకో లారీ బరువు పడుతోంది. బోరిగుమ్మ లారీ మొత్తం కలిపి రెండు కోళ్ళ బరువుంది. గేటు మూసేశారు."

"మధ్య తీగ ఏమైంది?"

"పీకేశాను కదా."

"పీకమని ఎవులు సెప్పేరు దైతారీ?" ఇస్త్రీ తెలుగు అక్కడే నలిగిపోయింది.

"మీరే ఆగ్యా. రెండుసార్లు చెప్పారు."

గుమ్మం దగ్గర సుశీల కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. సిగ్గు అనుకున్నాను.

"మా లారీ ఆగిపోయిందేటి?" అన్నారు సత్యంగారు.

"కాసేపు..."

"అయితే ఈ సూపులూ కాసేపు ఆగుతాయి. లారీ గేటు దాటితే మిగతాది మాటాడుకుందాం. దాటకపోతే మీకు బస్సు టైము నేను సెప్తాను."

అప్పుడు పట్టుదల వచ్చింది నాకు. ఈ కుర్చీలోంచి లేస్తే అల్లుడిగానే లేవాలి అనుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను.

"దైతారీ, ముందు చిన్నకోడలి ఊపిరి తీసెయ్."

"తీసేశాను."

"కదులుతోందా?"

"లేదు ఆగ్యా, చల్లబడింది."

"మంచిది. ఇప్పుడు గదిలో పెద్దకోడలు ఒక్కర్తే ఉండాలి. చిన్నది మళ్ళీ లేవకూడదు."

వంటింట్లో గిన్నె జారిపడింది. "ఏవండీ, ఓపాలి ఇలా రండి" అని సుశీల తల్లి గొంతు. "ఈలింట్లో కోడళ్ళని ఏటి సేస్తన్నారో ఇన్నారా? ఈ సంబంధం మనకొద్దు."

ఆవిడకి సర్వర్ల సంగతి విప్పి చెప్పే తీరిక లేదు. తీగ మళ్ళీ పెట్టించాను. పెద్దకోడలి చేత, కలిసిపోయిన కందులూ మినుములూ ఏరించే ప్రోగ్రాం మొదలుపెట్టించాను. అది సరుకు లారీ ఘాట్ ఎక్కినట్టు మూలుగుతూ సాగింది. కాఫీ వచ్చింది, చల్లారింది. చెవి ఎర్రబడింది. నేను లేవలేదు.

ఏరడం సగంలో ఉండగా దైతారికి మళ్ళీ అనుమానం వచ్చింది. "ఆగ్యా, డిస్కు పెట్టె తీగ కూడా కాఢిబి?" పీకెయ్యనా అని అడుగుతున్నాడు. అప్పుడది ఊడిందంటే ఇక ఏరుకోడానికి గది కూడా మిగలదు. నోరు తెరిచి "కా" అన్నాను.

అంతే. సుశీల గుమ్మం దాటి వచ్చి, నా చేతిలోంచి ఫోను లాగేసుకుంది. "నాహిఁ, నాహిఁ. కాఢొ నాహిఁ" అని, పీకొద్దని దైతారికి ఒడియాలో చెప్పి, నావైపు తిరిగింది.

"మీరు ‘కాదు’ అంటే ఆయనకి ‘కాఢొ’ అని ఇనపడతాంది. ‘పీకెయ్’ అని. ఇందాక ఆయన తీగ పీకనా అనడిగితే, మీరు మా నాన్నతోటి కాదు కాదన్నారు. రెండుసార్లు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒడియా మాట్లాడేవాణ్ణి. కాని ఆ ఒక్క క్షణం నా చెవి మామగారి దగ్గర అద్దెకుంది.

ఏరడం పూర్తయింది. లారీలని మళ్ళీ కాటా ఎక్కించారు. సత్యంగారి లారీకి కోళ్ళ బరువు పోయి లారీ బరువొచ్చి, గేటు దాటింది. ఆయన మాట మీద నిలబడే మనిషి, కూతురివైపు తిరిగారు.

"అమ్మీ, నీకేటనిపించింది?"

"ఈయన అన్నమాట అవతలోలకి ఎలాగ ఇనపడతాదో సూసుకోరు. పక్కన ఎవులో ఒకలుండాల" అంది సుశీల.

ఆవిడ పక్కనే ఉంది ఇప్పటికీ. ఇది రాస్తుంటే చదువుతోంది కూడా.

కాబట్టి పాఠకులారా, ఆ డిస్కుల పెట్టె సాక్షిగా, చల్లబడి మళ్ళీ లేచిన చిన్నకోడలి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఫోన్లోగాని, బయటగాని ‘కాదు’ అనను. ఆ ఒట్టు తప్పలేదు. అందువల్ల ఒకటే చిక్కు. "మీ ఇంట్లో పెత్తనం మీదేనా?" అని ఎవరైనా అడిగితే, ఉన్నమాట చెప్పడానికి నాకు ఇంకో మాట లేదు. "అవును" అనేసి ఊరుకుంటాను.