నిలబడి చెప్పిన ఇంటర్వ్యూ

ఆ రోజుల్లో ఆశ పుట్టడానికి పెద్ద కారణమేం అక్కర లేకపోయేది, ఒక ఫొటో చాలు. డిగ్రీ అయిపోయి మా టేకులపల్లిల ఒక చిన్న ప్రైవేటు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్న నాకు ఆ ఫొటో ఒక రంగుల కాయితం మీద దొరికింది. మా మామ (అమ్మ తమ్ముడు, ఆటో నడిపేటోడు) ఖమ్మం నుంచి అద్దాల గాజులు దాంట్ల చుట్టుకొని తెచ్చిండు. హైదరాబాద్‌ల ఒక పెద్ద బిజినెస్ స్కూలు. అద్దాల బిల్డింగు, ముంగట పచ్చగడ్డి, మెట్ల మీద ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకొని నవ్వుతున్న ఒక పిల్ల. ఆ పిల్లను చూసినప్పటి సంది నాకు అన్నం సయించలే. ఆ మెట్ల మీద నేను కూసోవాలె, అంతే. అక్కడ ఏం చదువుతరు, చదివి ఏం జేస్తరు అనేటివి తర్వాతి సంగతులు. కాయితాన్ని మడిచి బైబిల్ల పెట్టుకున్న. ఆదివారం చర్చిల అయ్యగారు వాక్యం చెప్తుంటే మెల్లగ ఆ పేజీ తెరిచి గడ్డిని చూసేదాన్ని. పక్కన కూసున్న అమ్మ, బిడ్డ ఎంత శ్రద్ధగ చదువుతున్నదో అని మురిసిపోయేది.

ప్రవేశ పరీక్ష గట్టెక్కింది. ఇగ మిగిలింది వ్యాసాలు, ఇంటర్వ్యూ. "గవి మనసొంటోళ్లకు వశం కాదమ్మా, ఖమ్మంల ఒక కన్సల్టెంట్ ఉన్నడు, ఆయన చేతుల పడితే సీటొస్తది" అన్నరు మా బడి హెడ్‌మాస్టరు. ఆదివారం తప్ప బడికి సెలవు దొరకదు, ఆదివారం చర్చి తప్పదు. అందుకని శనివారం ఒంటిపూట బడి కాంగనే బస్సెక్కి, కారేపల్లి దాటేదాకా నిలబడి, ఖమ్మంల దిగి, ఒక చెప్పుల దుకాణం పక్క మెట్లెక్కి సార్ ముంగట కూసునేదాన్ని. మార్చి నెల ఖమ్మం ఎండల (ఆ ఎండ తెలిసినోళ్లకు నేను చెప్పేదేం లేదు) మెడకు టై బిగించుకొని కూసునేటోరు గనుక ఆయనకు టై సార్ అని పేరు. కరెంటు పోతే టై కొసతోనే మొకం మీదికి గాలి విసురుకునేటోరు, విప్పడం మాత్రం ఉండేది కాదు.

మొదటి రోజే, "నీ గురించి చెప్పమ్మా" అన్నరు. నేను లేచి నిలబడ్డ. ఇక్కడ మా చర్చి సంగతి కొంచెం చెప్పాలె. మాకు సాక్ష్యం చెప్పుడని ఒకటుంటది. లేచి నిలబడి, సంఘానికి వందనాలు పెట్టి, మనం ఎంత పనికిమాలినోళ్లమో, ఎక్కడెక్కడ పడ్డమో చెప్పి, దేవుడు ఎట్ల లేపిండో చెప్పి కూసోవాలె. ఎంత గట్టిగ పడితే అంత మంచి సాక్ష్యం. ముందు చాప మీద ఒక అవ్వ కూసునేది, ముందుచాప అవ్వ అనేటోళ్లం. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగితేనే ఆ సాక్ష్యం పాసయినట్టు. చిన్నప్పటి సంది నా గురించి చెప్పుమంటే నాకొచ్చింది అదొక్కటే. అందుకని టై సారుకు కూడ వందనాలు చెప్పి, నేను ఎంత బద్ధకపుదాన్నో, డిగ్రీల ఒక సబ్జెక్టు ఎట్ల పోగొట్టుకున్ననో, అమ్మ ఉపవాసాలతోటి మళ్ల ఎట్ల గట్టెక్కిననో చెప్పి, "ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక" అని కూసున్న.

సార్ చాలాసేపు ఫ్యాను దిక్కు చూసిండ్రు. "నా దగ్గరికొచ్చేటోళ్లకు ఓటములు ఉండవమ్మా. వ్యాసంల రాయనీకి ఒక్కొక్కరికి కూసొని ఒక ఓటమి తయారు చేసి ఇస్తుంట. నీకేమో అవి తప్ప ఇంకోటి లేదు. నువ్వు సాధించిందేం లేదా?"

"బడిలో లైబ్రరీ పెట్టినం సార్. దేవుని దయ, హెడ్‌మాస్టర్ గారి సాయం, మా మామ ఆటో..."

"ఆటో తీసెయ్. హెడ్‌మాస్టర్ని తీసెయ్. దేవుడికి నేను వ్యతిరేకం కాదమ్మా, కాని సీటు ఆయనకు ఇయ్యరు, నీకియ్యాలె."

అట్ల మొదలయింది నా శిక్షణ. లేచి నిలబడొద్దు. కండ్లు కిందికి దించొద్దు. ఏదడిగినా మూడు ముక్కలు చెప్పాలె, మొదటిది, రెండోది, మూడోది. ఇంటికొచ్చి అమ్మ ముంగట ప్రాక్టీసు చేసేదాన్ని. అమ్మ చింతపండు ఒలుచుకుంట కండ్లు మూసుకొని వినేది, నేను ఆగిన కాడల్లా అలవాటు కొద్దీ "స్తోత్రం" అనేది. ఒకరోజు మాత్రం కండ్లు తెరిచి, "అన్నీ నువ్వే చేసినవా బిడ్డా? మీ మామ ఆటో ఎటువాయె మరి?" అన్నది. సార్ తీసెయ్యమన్నరని చెప్పిన. "అయ్యో, పాపం వాడు పుస్తకాలు మోసుకుంట మూడు ట్రిప్పులు తిరిగిండు గదనే" అని మళ్ల చింతపండు ఒలుచుకున్నది. నాకు సిగ్గయింది, కాని ఆ మెట్ల మీద ఆశ సిగ్గుకంటే పెద్దగ ఉండె.

ఇంటర్వ్యూకు అమ్మ పెండ్లి నాటి చీర కట్టుకొని పోయిన. లోపల ముగ్గురు కూసున్నరు. అడిగేటాయన ఒకాయన, ఏం మాట్లాడకుండ కాయితాలు తిప్పేటాయన ఒకాయన, నడుమ కాటన్ చీర మేడం. అన్నీ టై సార్ చెప్పినట్టే నడిచినయి. కూసునే చెప్పిన, కండ్లు దించలే, మూడు ముక్కలు దాటలే. నా ఇంగ్లీషు నాకే ఎవరిదో అనిపించింది. ఆఖరికి మేడం పెన్ను కింద పెట్టి, నా ఊరు పేరు చూసిందో ఏమో, మెల్లగ తెలుగులో అడిగింది: "ఇవన్నీ సరే గాని, ఇక్కడికి ఎందుకు రావాలనుకుంటున్నవమ్మా?"

ఆ తెలుగు నా కొంప ముంచింది. నాకు తెల్వకుండనే లేచి నిలబడ్డ. గాజుల కాయితం సంగతి చెప్పిన, బైబిల్ల గడ్డిని చూసిన సంగతి చెప్పిన, పోయిన సబ్జెక్టు చెప్పిన. తీసేసిన ఆటో కూడ మళ్లొచ్చింది, మూడు ట్రిప్పులతో సహా. "నాకు ఇక్కడ ఏం చదువుతరో సరిగ్గ తెల్వదు మేడం, ఆ పిల్ల కూసున్న కాడ ఒక్కసారి కూసోవాలని ఉన్నది" అంటుంటే గొంతు వణికి ఏడుపొచ్చింది. ఆగుదామంటే సాక్ష్యం నడుమల ఆగుడు మా దగ్గర లేదు. "ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక" అని ముగించిన.

అప్పటిదాకా నోరు తెరవని ఆ కాయితాలాయన తల వంచుకునే "ఆమెన్" అన్నరు. అని, ఉలిక్కిపడి, దగ్గి, గ్లాసెడు నీళ్లు గటగట తాగిండ్రు.

తిరిగొచ్చి టై సారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. సార్ మొట్టమొదటిసారి టై విప్పి బల్ల మీద పెట్టిండ్రు. "పోయినట్టే అమ్మా" అన్నరు. బస్సుల కారేపల్లి దాటేదాకా ఏడ్చిన. నెల తిరగకముందే కొత్తగూడెంల ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి చూస్తే జాబితాల నా పేరున్నది. నమ్మకం కలగక వెంట వచ్చిన మామను కూడ చదవమన్న. టై సార్ నా ఫొటో గోడకు పెట్టి, ఆ తర్వాత వచ్చినోళ్లందరికీ "ఆఖర్ల గొంతు కొంచెం వణకాలె" అని కొత్త పాఠం చేర్చిండ్రని విన్న. వాళ్లల్ల ఎందరికి వణికిందో మాత్రం తెల్వదు.

చేరిన రోజే పోయి ఆ మెట్ల మీద కూసున్న. ఎండకు రాళ్లు కాలుతున్నయి. గార్డు వచ్చి, "మేడం, ఇక్కడ కూసోవద్దు" అన్నడు.

ఆ తర్వాత చదువు, ఉద్యోగం, ప్రమోషన్లు. మొన్న ఆఫీసు పని మీద బూర్గంపాడు దాకా వచ్చి, ఆదివారం అమ్మ దగ్గర ఆగిన. చర్చిల అయ్యగారు మైకు నా చేతికిచ్చి సాక్ష్యం చెప్పుమన్నరు. లేచి నిలబడ్డ. "నేను మూడు విషయాలు చెప్పదలుచుకున్న" అని నోట్లెకెళ్లి వచ్చింది. మొదటిది చెప్పిన, రెండోది చెప్పిన, మూడోది చెప్పిన, టైముకు ముగించిన. ఎవరి నోటా స్తోత్రం రాలే, అననీకి ఎక్కడా సందు దొరకలేదు పాపం. చూపు ఆనని ముందుచాప అవ్వ నా దిక్కు మొకం పెట్టి, "అయిపోయిందా బిడ్డా? మరి పడ్డ సంగతి చెప్పలేదేంది?" అన్నది. పడ్డవి చాలానే ఉన్నయి. ఏ ఒక్కటీ నోటికి రాలే. అమ్మ నా చెయ్యి పట్టి కూసోబెట్టింది. ఇంటర్వ్యూల అమ్మ పెండ్లి చీరల ఏడ్చుకుంట నిలబడ్డ ఆనాటి పిల్ల మీద నాకు అంత బెంగ ఎన్నడూ కలగలే.

ఇప్పుడు ఉద్యోగాలకొచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేది నేనే. అందరూ చక్కగ కూసునే చెప్తరు, మొదటిది, రెండోది, మూడోది. నేను కాయితాలు తిప్పుకుంట వింట. ఎవరన్న లేచి నిలబడితే అందామని ఆమెన్ నోట్లనే పెట్టుకొని, పక్కకు గ్లాసుతో నీళ్లు కూడ పెట్టుకొని కూసుంట. ఇంకా ఎవరూ లేవలే.