బేత్లెహేముకు వచ్చిన అవ్వ

ఆ రోజుల్లో బోధన్‌లో ఎవరు ఏ చిన్న సాయం చేసినా మైకులో పేరు చదివి కృతజ్ఞతలు చెప్పేవారు. ఆ క్రిస్మస్ సాయంత్రం షామియానా వేసినవాడికి చెప్పారు, మైకు సెట్టు తెచ్చినవాడికి చెప్పారు, కుర్చీలు మోసినవాళ్ళకు చెప్పారు. నాటకానికి లేగదూడను ఇచ్చిన రైతుకు చెప్పి, ఆ తర్వాత లేగదూడకు కూడా చెప్పారు (అతిశయోక్తి కాదు, నా చెవులతో విన్నాను). నాకు మాత్రం చెప్పలేదు. ఈ సంగతి అప్పటి పాస్టరయ్యకు విన్నవించాను. ఆయన తర్వాత వచ్చినాయనకు విన్నవించాను. ఇప్పుడున్న కుర్ర పాస్టరయ్యకు వాట్సాప్‌లో వివరంగా పెట్టాను. నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఇన్నేళ్ళుగా ఎవరూ పట్టించుకోని ఈ ఫిర్యాదును ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మీరైనా న్యాయంగా వింటారని ఆశ.

అప్పుడు నాకు మీసం కొత్త, ఉద్యోగం అంతకంటే కొత్త. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో బోధన్ వెళ్ళి, షుగర్ ఫ్యాక్టరీ వైపు ఒక వాడకట్టులో ఉన్న చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారం కూడా సెలవు లేదు. ఎందుకంటే ఆ పక్కనే ఉన్న మా చర్చిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పే పనిని పాస్టరయ్య నా నెత్తిన పెట్టాడు. "నీకు గొంతున్నది తమ్మీ, ఓపిక గూడ ఉన్నది" అన్నాడు. (నాకు ఓపిక ఉందని ఒకరు అనడం అదే మొదలు, అదే చివర.) వచ్చేవాళ్ళలో కొందరు చర్చివాళ్ళ పిల్లలు, కొందరు బీడీలు చుట్టే ఇళ్ళ పిల్లలు. ఆ రెండోవాళ్ళు శనివారం హనుమంతుడి గుడికి కొబ్బరిముక్క కోసం, ఆదివారం మా దగ్గరికి బిస్కెట్ల కోసం వచ్చేవారు. రెండుచోట్లా భక్తి సమానమే.

క్రిస్మస్ దగ్గర పడుతోందని యేసు పుట్టుక కథ మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో గానుగ నడుస్తున్న కాలం, చెరుకు పాకం వాసనకు పిల్లలు ముందే సగం మత్తులో ఉన్నారు, ఎవరూ అడ్డు తగలరనుకున్నాను. చక్రవర్తి జనాభా లెక్కలు రాయించుకోమన్నాడు, అందుకని యోసేపు నిండు గర్భిణి అయిన మరియను తీసుకుని బేత్లెహేముకు బయలుదేరాడు అన్నానో లేదో, వెనకనుంచి ఒక పోరడు లేచాడు. "లెక్కలు రాసుకోనీకి సార్లే ఇంటికొస్తరు గద సార్. మా గోడ మీద నంబరు గూడ ఏసి పోయిండ్రు. గీళ్ళెందుకు పోయిండ్రు?" ఆ దేశంలో అప్పుడు సార్లు లేరురా అని చెప్పి కూర్చోబెట్టాను. సార్లే లేని దేశం గురించి పిల్లలు చాలాసేపు సంతోషంగా గుసగుసలాడుకున్నారు. అది సద్దుమణిగాక ముందు వరసలోని చిన్నపిల్ల, అందరూ బుడ్డి అని పిలిచేది, నెమ్మదిగా అడిగింది. "సార్, ఆమెకు గది తొల్చూరు కాన్పేనా?" అవునన్నాను. "మరి తల్లిగారింటికి ఎందుకు పోలే?"

మన దగ్గర తొలి కాన్పు తల్లిగారింట్లోనే జరగాలన్నది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేని సంగతి. ఎంత లేనివాళ్ళయినా నెలలు నిండకముందే వచ్చి కూతుర్ని తీసుకుపోతారు. "గ్రంథంలో ఆ ముచ్చట లేదమ్మా" అన్నాను. "వాళ్ళమ్మ లేదా సార్?" ఉండే ఉంటుందన్నాను. "ఉండి గూడ రాలేదా?" అంది బుడ్డి. తరగతి మొత్తం నావైపు చూసింది. ఆ తల్లిని రానివ్వకుండా వాకిట్లో అడ్డం నిలబడ్డది నేనే అన్నట్టు చూసింది.

ఆ ఏడు పాస్టరయ్య పిల్లలతో ఈ కథనే నాటకం వేయించాలన్నాడు. నిజామాబాద్ నుంచి పెద్దలు వస్తారు, వాళ్ళకు నచ్చితే మరుసటి ఏడు పట్నంలో పెద్ద స్టేజి మీద నీ చేతనే వేయిస్తాను అని నాకు మాట ఇచ్చాడు. (ఆ మాట కూడా నాకు గుర్తుంది.) మరియ వేషానికి బుడ్డిని తీసుకున్నాను. నవ్వకుండా మాటలన్నీ చెప్పగలిగింది ఆ పిల్ల ఒక్కతే. యోసేపుగా జనాభా లెక్కల పోరడు. మర్నాడే బుడ్డి అమ్మమ్మ దిగింది. వాడకట్టంతా ఆమెను అవ్వ అనే పిలిచేవారు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని చర్చి అరుగు మీద కూర్చుంది. చేతులు ఆకు చుడుతూనే ఉన్నాయి, నోరు నన్ను అడుగుతూనే ఉంది.

"ఏం సారూ, మా పిల్లను గొడ్ల కొట్టంల పండవెడ్తవట?"

"అది నాటకం అవ్వా."

"నాటకమైతేంది, సూసేటోళ్ళకు కండ్లు లెవ్వా? తొల్చూరు కాన్పుకు తల్లిగారి దిక్కెళ్ళి ఒక్కలు గూడ రాలేదంటే దిక్కులేని పిల్ల అనరా? దాని తల్లి సచ్చిపోయినంక నేనే సాదుకున్న. నేనింక బతికే ఉన్న గద. నేనొస్త."

"గ్రంథంలో నువ్వు లేవు అవ్వా."

"లేకుంటే రాయి. సారువు గాదా?"

గ్రంథంలో రాయడానికి నేనెవణ్ణి అని వాదించాను. ఆమె వినలేదు, నేనూ దిగిరాలేదు. నేను మొదటినుంచీ ఇంతే, సరైనదనుకున్నది వదలను. అవ్వ మనవరాలిని చేయి పట్టుకుని తీసుకుపోయింది. ఆ స్థానంలో ఇంకో పిల్లను నిలబెట్టాను. ఆ పిల్లకు దేవదూతను చూస్తేనే నవ్వు, నవ్వితే చేతిలోని బాలయేసు బొమ్మ కింద పడేది. బుడ్డి కిటికీ బయట నిలబడి, ఆ పిల్ల మరిచిపోయిన మాటలన్నీ లోపలికి అందించేది. అది చూసి పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, గ్రంథంల అవ్వ వచ్చిందని లేదు, నిజమే. రాలేదని గూడ లేదు గద? రానియ్యి." నన్ను అడగకుండానే తీర్పు అయిపోయింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. బుడ్డి మాత్రం పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చి బొమ్మను లాక్కుని గుండెకు హత్తుకుంది.

అలా అవ్వ నాటకంలో చేరింది. చేరిన రోజునుంచి నేను ఏ మాట చెప్పినా దానికి పది మాటలు కలిపేది. గొల్లలు ఎట్లా నడవాలో, దేవదూత ఎంత గట్టిగా అరవాలో కూడా ఆమే చెప్పేది. దర్శకుడు ఎవరో పిల్లలకు అనుమానం రాకుండా నేను రోజూ ఒకసారి గట్టిగా దగ్గేవాణ్ణి.

నాటకం నాటి సాయంత్రం మొదటి దెబ్బ యోసేపు కొట్టాడు. వాళ్ళింట్లో మొక్కు ఉందని ముందురోజు వేములవాడకు తీసుకుపోయి నున్నగా గుండు చేయించుకొచ్చారు. పసుపు గంధం రాసిన ఆ గుండుకు తువ్వాలు చుట్టి స్టేజి ఎక్కించాను. పశువుల పాక అచ్చంగా ఉండాలని చెరుకు కొసలు తెచ్చి పరిచాము. బాలయేసును పడుకోబెట్టే తొట్టి వెనక నేను నక్కి కూర్చుని మాటలు అందించాలి కాబట్టి నామీద కూడా కొసలు కప్పారు. పక్కనే లేగదూడను కట్టేశారు. చెరుకు కొసల్ని లేగదూడ పక్కన పెడితే ఏమవుతుందో ఆ చెరుకు ఊళ్ళో ఒక్కరికీ తట్టకపోవడం ఇప్పటికీ నాకు అర్థం కాదు. అది నన్ను చెవి దగ్గరినుంచి తినడం మొదలుపెట్టింది.

సత్రంలో జాగ లేదన్నారు. మరియ పాకలో పడుకుంది. అప్పుడు అవ్వ వచ్చింది. చేతిలో ఉడుకునీళ్ళ బిందె, భుజాన మెత్తటి పాత చీర, కొంగున వేపాకు. నడిమధ్యకు వచ్చి జనం వైపు తిరిగింది. దీపాల వెలుగు కళ్ళల్లో పడింది. అంతే, నోరు పడిపోయింది. ఇన్నాళ్ళు నాకు ఊపిరాడనివ్వని మనిషి గోడలా నిలబడిపోయింది. జనం చూస్తున్నారు, పెద్దలు చూస్తున్నారు. గడ్డిమీద పడుకున్న బుడ్డి తల ఎత్తి, "అవ్వా..." అంది. ఇంకొక్క క్షణం ఆగితే నా వాదనే గెలిచేది. (ఆ ఆలోచన రాలేదని అనను.) కానీ ఆ పిల్ల మొహం నాకు అడుగు దూరంలో ఉంది. తల్లి నిజంగానే రాలేదేమోనన్న బెంగ ఆ కళ్ళల్లో ఉంది. తొట్టి వెనకనుంచి, గ్రంథంలో లేనిది, నా కాగితాల్లోనూ లేనిది, నోటికి వచ్చింది వచ్చినట్టు అందించాను. "అవ్వా, ఇట్ల అను: జరుగుండ్రి జర, పిల్ల తల్లి వచ్చింది!"

"జరుగుండ్రి జర! పిల్ల తల్లి వచ్చింది!" అని అవ్వ అరిచిన అరుపుకు జనంలో ముందున్నవాళ్ళు నిజంగానే జరిగారు. ఇక ఆమె ఆగలేదు. బుడ్డి తల ఒళ్ళోకి తీసుకుని యోసేపు వైపు తిరిగింది. "ఏమయ్యా అల్లుడా, నెలలు నిండిన పిల్లను గింత దూరం తోల్కొస్తవా? నెత్తిమీద ఎంటికలు లేకుంటే పాయె, లోపల గూడ ఏం లేదా?" పోరడు ఒక్క క్షణం బిత్తరపోయి, "లెక్కలు రాయించుకోనీకి వచ్చినం అత్తా. మా దేశంల సార్లు లేరట, మా సారే చెప్పిండు" అన్నాడు. షామియానా ఎగిరిపోతుందేమో అన్నంతగా నవ్వారు. జ్ఞానులు వచ్చి బంగారం, సాంబ్రాణి, బోళం ఇస్తే ఒక్కొక్కటి వాసన చూసి తీసుకుంది. "సాంబ్రాణి పిల్లగానికి పొగెయ్యనీకి, బోళం బాలింతకు. వీళ్ళ ఇండ్లల్ల ఆడోళ్ళు చెప్పి పంపినట్టున్నది" అని మెచ్చుకుంది. ఈలోగా లేగదూడ నన్ను భుజాల దాకా తినేసింది. జనంలోంచి ఎవరో "తొట్టెనుక ఎవడో ఉన్నడుల్లా!" అని అరిచారు. "పిల్లగాన్ని సంపనీకి హేరోదు రాజు పంపినోడు కావచ్చు, పట్టుండ్రి!" అన్నాడు ఇంకొకడు. నేను కనబడలేదని ఇప్పుడు ఎవరైనా అంటే నమ్మకండి. ఊరంతా చూసింది.

ఆ తర్వాత కృతజ్ఞతలు చదివారు, ఆ సంగతి ముందే చెప్పాను. తీపి బూంది పొట్లాలు పంచారు. నా దాకా వచ్చేసరికి అయిపోయాయి. (ఇది విడిగా ఇంకో ఫిర్యాదు.) పట్నంలో పెద్ద స్టేజి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అయితే అప్పటినుంచి ఆ చర్చిలో అవ్వ రాకుండా యేసు పుట్టడం లేదు. ప్రతి డిసెంబరులోనూ ఆమె బిందెతో వస్తుంది, జనం అంతా ఆమెతో కలిసి "జరుగుండ్రి జర, పిల్ల తల్లి వచ్చింది!" అని అరుస్తారు. కొందరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు. అది అవ్వ మాట అని అందరూ అంటారు. అవ్వ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ వేషం బుడ్డి వేస్తుంది. సర్కారు బడిలో టీచరమ్మ (జనాభా లెక్కలకు ఇంటింటికీ తిరగడం ఇప్పుడు ఆమె వంతు), అయినా డిసెంబరు వస్తే నాటకానికి వచ్చి నిలబడుతుంది. మీసం నెరిసిన నేను నిజామాబాద్‌లో బస్సెక్కి, దారిలో ఎడపల్లి దాటేదాకా ఈసారి ఎవరిని నిలదీయాలో అనుకుంటూ పోయి, ముందు వరసలో కూర్చుంటాను. ఆ అరుపు వినబడగానే నిలదీయాల్సిన మాటలన్నీ మరిచిపోయి నేనూ అందరితో పాటు అరుస్తాను. మళ్ళీ కృతజ్ఞతల దగ్గర గుర్తొస్తాయి.

పోయిన డిసెంబరులోనూ నా పేరు చదవలేదు. బుడ్డి దగ్గరికి వచ్చి, "అయ్యో, ఈసారి గూడ మరిచిపోయిండ్రా సార్?" అని నవ్వింది. ఏటా చేసినట్టే నా చేతిలో రెండు బూంది పొట్లాలు పెట్టింది. అందరికీ ఒకటే ఇచ్చి నాకు రెండు ఎందుకమ్మా అని ఇన్నేళ్ళకు అడిగాను. "గది అవ్వ చెప్పి పోయింది సార్, తినుండ్రి" అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఒకటి ఈ ఏటిది, సరే. ఆ రెండోది ఏ ఏటిది? అవ్వ ఏం చెప్పి పోయింది? తెలిసినవాళ్ళు ఇకనైనా జవాబు చెప్పాలి. నా చెవిలో కాదు, మైకులో చెప్పాలి. ముందు వరసలోనే కూర్చుంటాను.