ఎర్ర గిటారు వీపు మీది వేడి

చేతిలో టెస్టర్ పట్టుకుని బతికేదాన్ని నేను. తీగలో కరెంటు ఉందా, లేదా, అంతే. దయ్యం అనే మాటకు నా దుకాణంలో చోటు లేదని వచ్చినవాళ్లకల్లా చెప్పేదాన్ని. ఇప్పటికీ చెప్తాను. ఎర్ర గిటారు సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం మాట మారుస్తాను. ఈ ఒక్కసారికి మొత్తం రాసేస్తున్నాను.

మాది జనగామ. మా నాయినది బియ్యం దుకాణం. దాని పక్క గదిలో నేను మైకుసెట్లు, కీబోర్డులు, గిటార్లు బాగుచేస్తాను. కోమటోళ్ల పిల్లకు ఈ పనేందని మొదట్లో బజారంతా నవ్వింది. నవ్వినవాళ్లే ఇప్పుడు పెళ్లిళ్ల ముందు యాంప్లిఫయర్లు మోసుకొస్తారు.

కరెంటు గిటారు రాజలింగం పేరు మా మూడు జిల్లాల్లో తెలియనివాళ్లు ఉండరు. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఎక్కడ జాతరైనా ఆయన ఎర్ర గిటారు మోగాల్సిందే. ఆయన పోయాక నెల్లికుదురులో సంతాప సభ పెట్టారు. ఆ సభలో, వందల మంది ముందు, ఆయన పాత ఆర్కెస్ట్రా ఓనరు మైకు పట్టుకుని, ఆ గిటారు తనదని, బొంబాయి నుంచి తెప్పించుకున్నదని, ఒక జాతరలో మాయమైందని అనేశాడు. దొంగ అన్న మాట నోటితో అనలేదు. అనాల్సిన పని లేకుండా పోయింది.

రాజలింగం భార్య కొమురమ్మ ఆ గిటారును దుప్పట్లో చుట్టుకుని నా దగ్గరికి వచ్చింది. బల్ల మీద పెట్టి, నీళ్లిచ్చినా తాగకుండా నిలబడింది.

"బిడ్డా, గిది యాడ పుట్టిందో చెప్పు, చాలు. పెండ్లికి పోతే పక్కకు జరుగుతున్నరు. మా ఆయినె దొంగ కాదు. గంతే నాకు కావాలె."

"ఆయన ఎక్కడ తెచ్చిండో చెప్పలేదా?"

"దోస్తు ఇచ్చిండు అనేటోడు. ఏ దోస్తు అంటే బువ్వ కాడికెల్లి లేచిపోయేటోడు."

ఆమె ముఖం చూశాక, ఇది తేల్చకుండా వదిలేది లేదని ఆ క్షణమే అనుకున్నాను. నా మొండితనం గురించి మా అమ్మను అడిగితే పొద్దుగూకేదాకా చెప్తుంది.

మర్నాడు తీగలు విప్పి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టాను. మెడ కంపెనీది, మీద ఏదో విదేశీ పేరు సగం చెరిగి ఉంది. ఓనరు మాటకు అదే బలం. స్క్రూలు తీసి లోపల చూస్తే మెడ కింది మొద్దు, గిటారు ఒళ్లు, మాత్రం కంపెనీది కాదు. టేకు. మన దర్వాజలకు వాడే టేకు. ఉలితో తొలిచిన గుర్తులు కూడా కనిపించాయి. సంతోషంతో ఓనరుకు ఫోన్ చేశాను.

"అయితే ఏందమ్మా? మెడ నాదే. కట్టె మార్చిండు, నేను గుర్తుపట్టొద్దని," అన్నాడు. మనిషి అబద్ధం ఆడుతున్నట్టు లేడు. నిజంగానే నమ్ముతున్నాడు. అది ఇంకా కష్టం.

ఫోన్ పెట్టి, గిటారును పక్కకు జరుపుదామని వీపు మీద చెయ్యి వేశాను. వేడిగా ఉంది.

ఎండ తగిలిందేమో అనుకున్నాను. నా గదికి కిటికీ ఒకటే, అది ఉత్తరం వైపు. గిటారుకు కరెంటు తీగ తగిలించలేదు, లోపల బ్యాటరీ లేదు. వేడి వీపంతా లేదు, కింది వైపు ఒక అరచేయంత మేర మాత్రమే. చుట్టూ కట్టె చల్లగా ఉంది. తీసి ఇనుప బీరువాలో పెట్టాను. సాయంత్రం తీసి చూస్తే అలాగే ఉంది. నా చేతికి జ్వరం వచ్చిందేమోనని పక్క దుకాణం పిల్లతో పట్టించి చూశాను, ఆమె కూడా "అవునక్కా, కాలుతుంది" అంది. చివరికి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి ఆనించాను. అది జ్వరమనే చెప్పింది.

మా నాయిన గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. "ఏంది బిడ్డా, గిటారుకు జరమొచ్చిందా? ఆర్ఎంపీని పిలువాల్నా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "నువ్వు పట్టి చూడు బాపూ," అన్నాను. ఆయన పట్టి చూసి, వెళ్లి బియ్యం తూకం వేసుకున్నాడు.

భయపడ్డానా? పడ్డాను. కానీ భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నా బల్ల మీద, నాకు అర్థం కాని వస్తువు! కొమురమ్మను అడిగి, ఆ అరచేయంత మేర ఎర్ర రంగు గీకాను. రంగు కింద నల్లగా కాలిన మచ్చ ఉంది. ఒక్కసారి కాలింది కాదు. మళ్లీ మళ్లీ మంట దగ్గర పెట్టి తీసినట్టు, పొర మీద పొరగా మాడింది.

గిటారును మంటకు ఎవరు పెడతారు? కంపెనీవాడు పెట్టడు. దొంగ కూడా పెట్టడు. రెండు రోజులు ఇదే బుర్రలో తిరిగింది, తిండి సయించలేదు.

తర్వాత ఒక పొద్దున మా వీధిలో ఒక పెద్దాయన పోయాడు. శవం లేవడానికి ముందు డప్పులవాళ్లు రోడ్డు పక్కన గడ్డి మంట వేసి, డప్పులు కాగబెట్టుకుంటున్నారు. తోలు బిగిస్తేనే కదా మోత. ఒకతను డప్పును మంట మీద తిప్పి తిప్పి, వేలితో కొట్టి చూసి, మళ్లీ తిప్పుతున్నాడు. నేను అలాగే రోడ్డు మీద నిలబడిపోయాను.

అక్కడి నుంచే కొమురమ్మకు ఫోన్ చేశాను. "అవ్వా, మీ ఆయన దోస్తుల్లో డప్పు కొట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"చిట్యాల దిక్కు మొగిలి అని ఒకడుండె. మా పెండ్లికి ముందే సచ్చిపోయిండంట. వాని పేరు ఒక్కపారే ఎత్తిండు, అదిగూడ తాగినప్పుడు," అంది.

గిటారు దుప్పట్లో చుట్టుకుని ఇద్దరం చిట్యాల వెళ్లాం. మొగిలి పేరు చెప్తే, అతని అక్క లచ్చవ్వ ఇల్లు చూపించారు. పెద్ద మనిషి, పత్తి గింజలు తీస్తూ అరుగు మీద కూర్చుని ఉంది. ఎందుకు వచ్చామో చెప్పాను. వేడి సంగతి, మచ్చ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. కొమురమ్మకు కూడా అప్పటిదాకా వేడి గురించి చెప్పలేదు, పిచ్చిదాన్ననుకుంటుందని.

లచ్చవ్వ దుప్పటి విప్పింది. ముందు వైపు చూడనేలేదు. తిప్పి, సరిగ్గా ఆ మచ్చ మీద అరచెయ్యి వేసింది.

"ఇంక సల్లారలేదేందిరా మొగిలీ," అంది.

కొమురమ్మ కూడా అక్కడ చెయ్యి పెట్టి చూసి, నన్ను పట్టుకుంది.

కళ్లు తుడుచుకుని లచ్చవ్వ చెప్పింది. మొగిలి డప్పు కొట్టేవాడు, దర్వాజలు చేసే వడ్లాయన దగ్గర పని కూడా చేసేవాడు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఎవరో పారేసిన గిటారు మెడ తెచ్చి, దర్వాజ చెక్కలో మొద్దు కోసి అతికించాడు. "వాయించే ముందు దీన్ని గూడ మంటకు పెట్టేటోడమ్మా. తోలు లేదురా పిచ్చోడా, కట్టెరా అంటే, కాగకుంటే మోగదక్కా అనేటోడు. ఊరంత నవ్వేది. కామెర్లయి పోయిండు. దినాలయినంక రాజలింగన్న ఏడ్సుకుంట వస్తే నేనే ఇచ్చిన, తీస్కపోయి వాయించు అన్న. మల్ల ఒక్కపారి తెచ్చి నా చేతుల పెట్టమంటే గింత ఆలస్యమా?"

నాకు సాక్ష్యం కావాలి, మాట చాలదు. "ఆ చెక్క మిగిలిందేమైనా ఉందా అవ్వా?" అని అడిగాను. ఆమె ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. కోళ్ల గూడుకు ముందు పలకగా ఒక పాత టేకు చెక్క కొట్టి ఉంది. దానికి గిటారు నడుములా వంపు తిరిగిన రంధ్రం. కోళ్లు అందులోంచే వచ్చి పోతున్నాయి.

ఓనరును రమ్మన్నాను. రానన్నాడు. "మీ గిటారు పుట్టిన ఇల్లు చూపిస్తా, అన్నా, వచ్చి కాదనండి," అన్నాను. వచ్చాడు. ఊరివాళ్లు కూడా పోగయ్యారు. తీగలు, మెడ విప్పేసిన మొద్దును ఆ రంధ్రంలో పెట్టాను. ఉలి పోయినంత సందు తప్ప, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒదిగింది. చెక్క మీది చారలు మొద్దు మీదికి తెగకుండా వచ్చాయి. మెడ కూర్చునే గాడి ఈ మెడకే తొలిచింది, ఇంకో మెడ పెట్టిన ఆనవాలు లేదు. మొగిలి పోయేనాటికి ఓనరు ఆర్కెస్ట్రానే లేదని ఊరివాళ్లే చెప్పారు.

ఓనరు ముందుకు వచ్చి, మొద్దును బయటికి తీద్దామని దాని వీపుకు చెయ్యి ఆనించాడు. చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. అరచెయ్యి చూసుకున్నాడు. అక్కడ నీడ. పొద్దుటి నుంచీ నీడే. కొమురమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది చెల్లె. సభల అన్న మాట సభలనే వాపస్ తీస్కుంట," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు, ఆ సంగతి కూడా చెప్పాలి.

కొమురమ్మ గిటారును లచ్చవ్వకు ఇవ్వబోయింది. "నాకెందుకు, కోళ్లను తోలుకుంటనా? వాయించేటోళ్లింట్లనే ఉండనీ," అంది లచ్చవ్వ. ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు. నేను కూడా.

టేకు కట్టె అన్నేళ్లు వేడి పట్టి ఉంచదు, అది నాకు తెలుసు. నాకు తెలిసిన ఏ లెక్కలోనూ అది ఇమడదు. ఉండబట్టలేక మొన్న కొమురమ్మకు ఫోన్ చేసి, ఇంకా వేడిగానే ఉందా అని అడిగాను.

"మనిషి ఒళ్లు సల్లగుంటే అడుగాలె గని, ఎచ్చగుంటే ఏమడుగుతవ్ బిడ్డా," అంది.